హ్వోస్నో: ఒక సెర్బియా మండలం, దాని మఠాల మాన్యాలు

బాల్కన్ ద్వీపకల్పంలో ప్రోక్లేతియే పర్వతాల తూర్పు పాదాన, తెల్ల ద్రిమ్ నది ఎగువ తీరాల్లో ఒక సారవంతమైన మైదానం ఉంది. మధ్యయుగాల్లో సెర్బులు ఆ మైదానపు ఉత్తర భాగాన్ని హ్వోస్నో అనేవారు. ఇప్పుడు అది కొసోవో పడమటి భాగం. పేచ్, ఇస్తోక్, దేచాని ఊళ్లు అక్కడే ఉన్నాయి. తెల్ల ద్రిమ్ పేచ్ పట్టణానికి ఉత్తరాన జ్లేబ్ కొండ అడుగున పుట్టి దక్షిణానికి పారుతుంది. బిస్త్రిత్సా అనే పేరుతోనే రెండు మూడు కొండవాగులు పడమటి నుంచి వచ్చి అందులో కలుస్తాయి. మైదానంలో గోధుమ పండుతుంది, వాలుల మీద ద్రాక్ష, కొండ అంచున చెస్ట్‌నట్ చెట్లు, ఆ పైన వేసవి మేతకు పచ్చిక బీళ్లు. పొలం, తోట, అడవి, బీడు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే ఇలాంటి చోటే జూపా ఏర్పడుతుంది.

జూపా అంటే సెర్బియా గ్రామీణ మండలం. సాధారణంగా ఒక నదీలోయ, లేదా చుట్టూ కొండలున్న ఒక పల్లపు ప్రదేశం ఒక జూపా అయ్యేది. దాని పెద్దను జుపాన్ అనేవారు. సెర్బియా తొలి పాలకుల బిరుదు కూడా ఇదే మాట నుంచి వచ్చింది: అందరు జుపాన్‌ల మీదా పెద్ద కనుక అతను మహాజుపాన్. జూపా అంటే రాజు గీసిన గీత మాత్రమే కాదు. అక్కడి ఊళ్లకు ఉమ్మడి మేతభూములుండేవి, ఉమ్మడి బాధ్యతలుండేవి. దొంగలు బాటసారిని దోచుకుంటే ఆ నష్టం ఆ చుట్టుపక్కల వారి మెడకే చుట్టుకునేది. హ్వోస్నో చరిత్ర చెప్పడమంటే, అలాంటి ఉమ్మడి మండలం రెండు వందల ఏళ్లలో మఠాల మాన్యాలుగా ఎలా మారిపోయిందో చెప్పడమే.

ఈ పేరు రాతల్లోకి ఎక్కింది సెర్బు రాజుల కాలంలో కాదు, బైజాంటియన్ చక్రవర్తి రెండవ బాసిల్ కాలంలో. బల్గేరియాను జయించాక 1019 ప్రాంతంలో ఆయన ఒహ్రిద్ ఆర్చిబిషప్ పీఠానికి ఇచ్చిన శాసనాల్లో ప్రిజ్రెన్ బిషప్ కిందున్న స్థలాల్లో హ్వోస్నో కనిపిస్తుంది. అంతకు ముందూ అక్కడ క్రైస్తవ జీవితం ఉంది. ఇస్తోక్‌కు దగ్గర్లో, తొలి బైజాంటియన్ కాలపు బసిలికా శిథిలాల మీదే తర్వాత హ్వోస్నో దేవమాత ఆలయం లేచింది.

1180లో బైజాంటియన్ చక్రవర్తి మాన్యుయెల్ చనిపోయాక సామ్రాజ్యం పట్టు సడలింది. సెర్బియా మహాజుపాన్ స్తెఫాన్ నెమాన్యా ఆ అదను చూసి దక్షిణానికి, తూర్పుకు రాజ్యాన్ని విస్తరించాడు. ఆయన గెలిచిన భూముల్లో హ్వోస్నో మొత్తమూ, దాని దక్షిణాన ఉన్న పోద్రిమ్ల్యే కూడా ఉన్నాయి. 1196లో సింహాసనం కొడుకుకు అప్పగించి సన్యసించి, సిమియోన్ అనే పేరు తీసుకున్నాడు. చిన్న కొడుకు సావా అప్పటికే గ్రీసులోని ఆథోస్ కొండ మీద సన్యాసిగా ఉన్నాడు. 1198లో తండ్రీకొడుకులు అక్కడ పాడుబడ్డ హిలాందర్ మఠాన్ని మళ్లీ నిలబెట్టారు. మఠం నిలవాలంటే ప్రార్థన ఒక్కటే చాలదు. ధాన్యం కావాలి, ద్రాక్షసారా కావాలి, కొవ్వొత్తులకు మైనం కావాలి. వాటి కోసం నెమాన్యా రాయించిన దానశాసనమే ఈ ప్రాంతపు మఠభూముల కథకు నాంది.

ఆ శాసనం చదివితే మఠానికి ఏమేం అవసరమో కళ్లకు కడుతుంది. ప్రిజ్రెన్ పరిసరాల్లో కొన్ని గ్రామాలు ఇచ్చాడు. హోచా ఊళ్లో సంతను ఇచ్చాడు, అక్కడే ద్రాక్షతోటలు వేయించాడు. నాలుగు చోట్ల తేనెపట్టుల తోపులు ఇచ్చి, ఒక్కో దానికి ఇద్దరేసి మనుషుల్ని పెట్టాడు. మేతకు ఒక కొండను, కొండల్లో మందలు కాసే వ్లాఖ్‌లను 170 మందిని రాసిచ్చాడు. సముద్రతీరపు జేతా ప్రాంతం నుంచి గుర్రపు మందనూ ఉప్పునూ కేటాయించాడు. ఉప్పు దొరకని లోపలి దేశానికి ఆ చివరి దానం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు. మఠం మనుషులు పారిపోయి రాజు భూముల్లోకి వస్తే తిరిగి పంపాలని, రాజు మనుషులు మఠం భూముల్లోకి వస్తే వాళ్లనూ తిప్పి పంపాలని అదే శాసనం నియమం పెట్టింది. భూమికన్నా దాన్ని దున్నే చేతులే అరుదైన కాలమది. దానం ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ముందు కట్టుదిట్టం చేసుకున్నది మనుషుల విషయంలోనే.

నెమాన్యా నడిమి కొడుకు స్తెఫాన్ 1217లో సెర్బియాకు తొలి పట్టాభిషిక్త రాజయ్యాడు. రెండేళ్లకు, 1219లో, సావా నికయాలో తొలి సెర్బియా ఆర్చిబిషప్‌గా అభిషేకం పొందాడు. కొత్త ఆర్చిబిషప్ పీఠం జీచా మఠంలో వెలిసింది. జీచా హ్వోస్నోకు చాలా ఉత్తరాన, ఇబార్ నది మొరావాలో కలిసే తావుకు దగ్గర్లో ఉంది. అయినా 1220 ప్రాంతంలో స్తెఫాన్ ఆ మఠానికి ఇచ్చిన భూముల్లో హ్వోస్నోలోని పేచ్, దాని పల్లెలు ఉన్నాయి. ఆ దానపత్రాన్ని జీచా గోపురం కింది దారిలో గోడల మీదే రాయించారు. తోలుపత్రం కాలిపోవచ్చు, కనబడకుండా పోవచ్చు. వచ్చేపోయే వారందరి కళ్లెదుట గోడమీది అక్షరం ఉంటుంది. గొరాజ్దా వాస్ అనే పల్లె పేరు మొదట కనిపించేది ఆ జాబితాలోనే. అది నేటి గొరాజ్దెవాత్స్. ఎనిమిది వందల ఏళ్లుగా అదే పేరుతో బతుకుతున్న ఊరు. దుంగలతో కట్టిన సెయింట్ జెరెమయ్య చిన్న గుడి అక్కడ ఇప్పటికీ నిలిచి ఉంది.

సావా కొత్త బిషప్ పీఠాలు నెలకొల్పినప్పుడు హ్వోస్నోకు కూడా ఒకటి దక్కింది. ఇస్తోక్ దగ్గరి దేవమాత ఆలయమే దానికి కేంద్రం. చిన్న స్తుదెనిత్సా అని కూడా దాన్ని పిలిచేవారు. అక్కడి నుంచే బిషప్ హ్వోస్నో పూజారుల్ని పర్యవేక్షించేవాడు. నేడు మిగిలినవి ఆలయపు పునాదులు, కొన్ని గోడలు మాత్రమే.

మండలం బరువు క్రమంగా పేచ్ వైపు మొగ్గింది. రుగోవా లోయ నోటి దగ్గర, బిస్త్రిత్సా వాగు కొండల్లోంచి మైదానంలోకి దిగే తావులో, సావా శిష్యుడు ఆర్చిబిషప్ అర్సెనియే పవిత్ర అపొస్తలుల ఆలయం కట్టించాడు. జీచా మైదానాల దారిలో, శత్రువుకు అందుబాటులో ఉంది. 13వ శతాబ్ది చివరి దశకాల్లో కుమన్ల దాడిలో అది దెబ్బతిన్నాక ఆర్చిబిషప్‌లు పేచ్‌కు చేరుకున్నారు. వెనుక కొండకోట, ముందు ధాన్యపు మైదానం, చుట్టూ ముందుతరంలోనే తమ పీఠానికి రాసిచ్చిన పల్లెలు. ఇంతకన్నా భద్రమైన చోటు వాళ్లకు దొరికేది కాదు. 1320ల ప్రారంభంలో ఆర్చిబిషప్ నికోదిమ్ సెయింట్ దెమెత్రియస్ ఆలయాన్ని ఉత్తరాన చేర్చాడు. 1330లలో రెండవ దనీలో దక్షిణాన దేవమాత ఆలయం కట్టి, మూడింటికీ కలిపి ముందు మండపం వేయించాడు. 1346లో స్కోప్యే సభలో ఆర్చిబిషప్ పీఠం పాట్రియార్క్ పీఠంగా పెరిగింది. హ్వోస్నో బిషప్ మెట్రోపాలిటన్ అయ్యాడు. ఒక గ్రామీణ మండలం మొత్తం సెర్బియా ధర్మపీఠానికి నెలవైపోయింది.

పేచ్‌కు దక్షిణాన, దేచాని బిస్త్రిత్సా లోయలో లేచిన మఠం మాత్రం మిగతా వాటినన్నిటినీ మించిపోయింది. దాన్ని కట్టించిన రాజు మూడవ స్తెఫాన్ ఉరోష్. చరిత్రలో ఆయన పేరు స్తెఫాన్ దేచాన్‌స్కి. తండ్రి మిలుతిన్ మీద తిరగబడి ఓడి, 1314లో కళ్లు పొడిపించుకుని కాన్‌స్టాంటినోపుల్‌కు పంపబడ్డవాడు. చూపు పూర్తిగా పోలేదని తర్వాత తేలింది. 1322లో రాజయ్యాడు. 1327లో గుడి పని మొదలైంది. కోతోర్ రేవు నుంచి వచ్చిన ఫ్రా వీతా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి ప్రధాన శిల్పి. ఆర్థడాక్స్ గుడిని కాథలిక్ సన్యాసి కట్టడం, గోడలకు తీరప్రాంతపు రోమనెస్క్ తరహా శిల్పం, లోపల బైజాంటియన్ కుడ్యచిత్రాలు: ఆనాటి సెర్బియా రెండు ప్రపంచాల మధ్య ఎంత నిబ్బరంగా నిలిచిందో దేచాని చెబుతుంది. 1335లో కట్టడం పూర్తయింది. రాజు దాన్ని చూడలేదు. 1331లో కొడుకు దూషాన్ ఆయన్ని గద్దె దించాడు, ఆ ఏడాదే జ్వెచాన్ కోటలో ఆయన ప్రాణం పోయింది. కట్టడం ముగించింది, చిత్రాలు గీయించింది దూషానే.

కట్టడం ముగియక ముందే, 1330లో, రాజు మఠానికి భూములు రాసిచ్చాడు. ఆ తోలుపత్రపు చుట్ట విప్పితే అయిదు మీటర్లు దాటుతుంది. దూషాన్ కాలంలో, 1340లలో, దాన్ని విస్తరించి మరో రెండు పత్రాలు వచ్చాయి. మధ్యయుగ బాల్కన్ గ్రామీణ జీవితం గురించి ఇంత వివరంగా చెప్పే ఆధారాలు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని. ఊరి తర్వాత ఊరు, ఇంటి తర్వాత ఇల్లు రాసుకుంటూ పోయారు: ఫలానా వాడు, అతని తమ్ముడు, అతని కొడుకులు, పక్కింటి తాత. వ్యవసాయ కుటుంబాలే రెండు వేలు దాటుతాయి. పశువులు కాసే వ్లాఖ్ కుటుంబాలు 266. మాన్యం హ్వోస్నోతో ఆగలేదు. పర్వతాలు దాటి లిమ్ నది ఎగువ ప్రాంతానికి, ఇటు నేటి ఉత్తర అల్బేనియా వైపుకూ పాకింది. సెర్బు పేర్ల పక్కనే వ్లాఖ్, అల్బేనియన్ పేర్లూ ఉన్నాయి.

ఎవరి భూమి ఎంతవరకు అన్నది నేలే చెప్పాలి. అందుకే సరిహద్దుల్ని రాతి నుంచి వాగుకు, వాగు నుంచి పాత బాటకు, బాట నుంచి కొండశిఖరానికి నడుచుకుంటూ పోయినట్టు రాశారు. తగువొస్తే ఉభయపక్షాలూ చెరిసగం సాక్షుల్ని తేవాలని, వాళ్లు చూపిన చోటే హద్దని దూషాన్ తర్వాత ప్రకటించిన చట్టాల శాసనసంపుటి నిర్దేశించింది.

మాన్యంలోని జనమంతా ఒకే తీరు వాళ్లు కారు. ఎక్కువమంది మేరోపాహ్ అనే వర్గపు రైతులు. మఠం పొలం దున్నడం, కోత, నూర్పిడి, గడ్డి కోయడం, ద్రాక్షతోట పని వీరివి. సోకాల్నిక్‌లు వారికన్నా ఒక మెట్టు పైన ఉండేవారు, వారి మీద బరువు తక్కువ. కమ్మరి, కంసాలి, జీను పనివాడు, కుట్టుపనివాడు తమ చేతిపనితోనే రుణం తీర్చుకునేవారు. ఊరి పూజారికీ భూమి ఉండేది. సొంత భూమి లేని పూజారికి మూడు చేలు ఇవ్వాలని దూషాన్ చట్టం చెప్పింది.

వ్లాఖ్‌ల జీవితం వేరు. కతూన్ అనే తమ గుంపుల్లో ఉండి, ఎండాకాలం మందల్ని కొండ బీళ్లకు తోలుకుపోయి, చలికాలం పల్లపు నేలలకు దించేవారు. మఠం గుర్రాల్ని, గొర్రెల్ని కాసేవారు. ఉన్ని కత్తిరించి బట్ట నేసి ఇచ్చేవారు. సముద్రతీరం నుంచి కొండదారుల్లో ఉప్పు మోసుకొచ్చేది కూడా వారి గుర్రాలే. సెర్బు రైతు వ్లాఖ్ ఇంట్లో పెళ్లి చేసుకోరాదని దేచాని శాసనం నిషేధించింది. బాన్య్‌స్కా మఠానికి మిలుతిన్ ఇచ్చిన శాసనంలోనూ ఈ మాటే ఉంది. దీన్ని కులద్వేషంగా చదివితే అసలు కారణం జారిపోతుంది. వ్లాఖ్ ఆడపిల్లను చేసుకున్న రైతు కతూన్‌లోకి వెళ్లిపోతే మఠం ఒక నాగలిని పోగొట్టుకుంటుంది. అందుకే చేసుకున్నవాడు ఆమెను రైతుల్లోకే తెచ్చుకోవాలన్న షరతు.

1349లో స్కోప్యేలో ప్రకటించి, 1354లో సేరెస్‌లో పెంచిన, అప్పటికే చక్రవర్తిగా ఉన్న దూషాన్ శాసనసంపుటి ఈ సంబంధాల్ని రాజ్యమంతటికీ ఒక కొలతకు తెచ్చింది. 68వ అధికరణం ప్రకారం రైతు వారానికి రెండు రోజులు ప్రోనియార్‌కు, అంటే సేవకు ప్రతిఫలంగా రాజు నుంచి భూమి పొందిన దొరకు, పని చేయాలి. ఏడాదికి ఒక పెర్పెర్ నాణెం పన్ను కట్టాలి. గడ్డి కోతకు ఒక రోజు, ద్రాక్షతోటకు ఒక రోజు రావాలి. తక్కిన తన కష్టమంతా తనదే, చట్టాన్ని మించి ఏదీ అడగరాదు. 139వ అధికరణం ఇంకో అడుగు ముందుకు వేసింది: దొర చట్టం మీరితే రైతు అతని మీద ఫిర్యాదు చేయవచ్చు. ఆ దొర చక్రవర్తి కావచ్చు, మహారాణి కావచ్చు, మఠమే కావచ్చు. ఆ వాక్యం 14వ శతాబ్దిలో రాసినందుకు దూషాన్ న్యాయవేత్తల్ని గౌరవించాల్సిందే. అదే సంపుటిలో పారిపోయిన రైతుకు వాత పెట్టి ముక్కు చీల్చాలన్న నియమం కూడా ఉంది. రెండూ ఒకే చేతి రాత; ఒకదాన్ని చూపి రెండోదాన్ని మరుగుపరచడం ఆ రైతులకు న్యాయం కాదు.

మఠాలకు ఆ చట్టం ఇచ్చిన వెసులుబాటు పెద్దది. చర్చి భూముల్ని చిన్నా పెద్దా రాచపనులన్నిటి నుంచీ తప్పించింది. కోట కట్టడానికి, కాపలాకు, రాజు పరివారపు సామాను మోయడానికి మఠపు రైతు పోనక్కర్లేదు. మఠం మనుషుల తగవులు మఠాధిపతులూ బిషప్‌ల దగ్గరే తీరేవి. బదులుగా ప్రతి ఆలయమూ బీదలకు అన్నం పెట్టాలి. పెట్టని మెట్రోపాలిటన్ గానీ బిషప్ గానీ మఠాధిపతి గానీ పదవి పోగొట్టుకుంటాడు.

జూపా మీద దీని ప్రభావం లోతైనది. హ్వోస్నోలో ఒక ఊరు దేచానిది, పక్క ఊరు పేచ్ పీఠానిది, ఇంకో ఊరు ఆథోస్‌లోని హిలాందర్‌ది, మరొకటి ఏదో దొరది. ఎవరి తీర్పు వారిది, ఎవరి పన్ను వారిది. అంత ముక్కలైనా జూపా పూర్తిగా చావలేదు. ఒక ఊరి పశువులు మేసే చోట పక్క ఊరివీ మేయవచ్చని, కంచె వేసిన అడవులూ పచ్చికలూ మాత్రం మినహాయింపని, ఒక జూపా పశువులు మరో జూపాలో అడుగు పెట్టరాదని దూషాన్ చట్టం చెప్పింది. చర్చి, రాజు, దొరల ఊళ్లు కలగలిసిన జూపాల్లో దారుల కాపలా ఏర్పాటు చేయాలనీ శాసించింది. అంటే పొలం యజమానులు విడిపోయినా, బీడు, బాట ఉమ్మడిగానే మిగిలాయి.

ఇలా మఠాల మాన్యాలు ఎంతగా పరుచుకున్నాయంటే, చివరికి పాత పేరే మరుగున పడింది. మఠపు మాన్యాన్ని గ్రీకులో మెతోఖియోన్ అంటారు. దాని నుంచే ఈ మైదానానికి మెతోహియా అన్న పేరు స్థిరపడింది. అల్బేనియన్లు అదే నేలను దుకాజిన్ మైదానం అంటారు.

1355లో దూషాన్ మరణించాక సామ్రాజ్యం చీలిపోయింది. స్థానిక ప్రభువుల పోరులో ఈ ప్రాంతం చేతులు మారి, చివరికి వూక్ బ్రాంకోవిచ్ ఏలుబడిలోకి వచ్చింది. 1389లో ఒట్టోమన్ తుర్కులతో కొసోవో యుద్ధం జరిగింది. దాని తర్వాతి అలజడిలో దేచాని కూడా దెబ్బతింది. యుద్ధంలో మరణించిన సెర్బియా ప్రభువు లాజార్ భార్య మిలిత్సా, కొడుకులతో కలిసి మఠానికి కోల్పోయిన గ్రామాలు కొన్నిటిని తిరిగి ఇప్పించింది. 15వ శతాబ్ది నడిమి నాటికి ఒట్టోమన్ల పాలన స్థిరపడింది. మాన్యాలు చాలావరకు సైనిక జాగీర్లుగా మారాయి. 1485లో ష్కోదర్ సంజాక్ (ఒట్టోమన్ జిల్లా) కోసం తయారైన పన్ను లెక్కల పుస్తకంలో పేచ్ చుట్టూరా ఊళ్లు మళ్లీ ఇంటి వారీగా నమోదయ్యాయి. రాసిన లిపి మారింది, పన్ను పుచ్చుకునే చేయి మారింది. ఊళ్ల పేర్లు చాలావరకు అవే.

మఠాలు అంతటితో అంతరించలేదు. 1557లో మకారియే సొకోలోవిచ్ నాయకత్వాన పేచ్ పాట్రియార్క్ పీఠాన్ని సుల్తాను ప్రభుత్వం పునరుద్ధరించనిచ్చింది. పదేళ్లు గడిచాక, 1568 ప్రాంతంలో, రెండవ సెలీం సుల్తాను సామ్రాజ్యంలోని మఠభూముల్ని స్వాధీనం చేసుకోమన్నాడు. సన్యాసులు అప్పులు చేసి, వస్తువులు కుదువపెట్టి తమ భూముల్నే తాము తిరిగి కొనుక్కోవలసి వచ్చింది. కొనలేని చిన్న మఠాలు మూతపడ్డాయి. ప్రిజ్రెన్ దగ్గర దూషాన్ కట్టించిన పవిత్ర ఆర్కేంజెల్స్ మఠం రాళ్లు 17వ శతాబ్ది మొదట్లో ఆ పట్టణంలోని సినాన్ పాషా మసీదు కట్టడానికి తరలిపోయాయి. 1690లో, ఒట్టోమన్లతో యుద్ధానికి వచ్చిన ఆస్ట్రియా సేనలు వెనుదిరిగాక పాట్రియార్క్ మూడవ అర్సెనియే వెంట వేలమంది సెర్బులు ఉత్తరానికి వలస పోయారు. 1766లో పేచ్ పీఠం రద్దయింది.

భూమితో మఠాల సంబంధం మాత్రం నేటికీ తెగలేదు. నెమాన్యా ద్రాక్షతోటలు వేయించిన హోచా, ఇప్పటి వెలికా హోచా, ఇంకా ద్రాక్షసారాకు పేరున్న ఊరే; దేచాని మఠపు సారా గిడ్డంగి అక్కడే ఉంది. 2004లో దేచాని, 2006లో పేచ్ పీఠపు ఆలయాలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి; 2006లోనే వాటిని ప్రమాదంలో ఉన్న వారసత్వంగానూ గుర్తించారు. 2008లో కొసోవో స్వతంత్ర దేశంగా ప్రకటించుకుంది, సెర్బియా దాన్ని అంగీకరించలేదు. ఆ వివాదం నడుమ దేచాని మఠం చుట్టూ ఉన్న సుమారు 24 హెక్టార్ల భూమి మీద చాలాకాలం వ్యాజ్యం సాగింది. అది మఠానిదేనని 2016లో కొసోవో రాజ్యాంగ న్యాయస్థానం ఖరారు చేసింది. ఆ తీర్పు అమలై, భూమి మఠం పేర నమోదయింది 2024 మార్చిలో.